తండ్రి లేని జాతి: చలువరాతి క్రేఫిష్

కొత్త జీవజాతిని కనుగొన్నారన్న వార్త వినగానే దుర్గమారణ్యమో, మనుషులు అడుగుపెట్టని కొండవాగో మన మనస్సుకు స్ఫురిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకంలో వెలుగులోకి వచ్చిన ఒక మంచినీటి జాతి కథ అందుకు పూర్తిగా భిన్నమైనది. అది మొదట కనిపించినది జర్మనీ దేశంలో, ఇళ్ళలో అలంకారానికి ఉంచుకొనే అక్వేరియం గాజుతొట్లలో. అంతకుముందు ఏ నదిలోనూ, ఏ చెరువులోనూ అట్టి ప్రాణి ఉన్నట్లు ఎవరూ నమోదు చేయలేదు. దాని పేరు చలువరాతి క్రేఫిష్.

క్రేఫిష్ మన పాఠకులకు అంతగా పరిచయం లేని ప్రాణి. భారతదేశపు నదులలో, చెరువులలో స్వతస్సిద్ధంగా క్రేఫిష్‌లు లేవు. రొయ్యలు, పీతలు చేరిన దశపాద వర్గానికే ఇదీ చెందుతుంది. గట్టి పెంకు, ముందువైపు పట్టకారు వంటి రెండు పెద్ద కాళ్ళు, విసనకర్ర వలె విచ్చుకొనే తోక దీని లక్షణాలు. సముద్రపు లాబ్‌స్టర్‌ను చిన్నదిగా చేసి మంచినీటిలో విడిచినట్లుంటుంది. పెంకుపై చలువరాతిలోని చారల వంటి మరకలు ఉండుటచే ఈ జాతికి ఆ పేరు వచ్చినది.

దీనిని పెంచినవారికి త్వరలోనే ఒక వింత అనుభవం ఎదురైనది. తొట్టిలో ఒక్కటే ఉన్నది, మగది లేదు. అయినను అది గుడ్లు పెట్టినది, పిల్లలు వచ్చినవి. ఆ పిల్లలన్నీ ఆడవే. అవి పెరిగి, మగ తోడు లేకుండానే మరల గుడ్లు పెట్టినవి. తొట్టి నిండిపోగా యజమానులు మిత్రులకు పంచిపెట్టిరి, దుకాణాలకు ఇచ్చిరి. నేలపై పడిన ప్రతి రక్తబిందువు నుండి మరొకడు పుట్టిన రక్తబీజుని వృత్తాంతం మనకు గుర్తుకు రాకమానదు. 2003లో బెర్లిన్ నగరపు హంబోల్ట్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు దీనిని పరిశీలించి, ఇది పురుష సంయోగం లేకుండానే సంతానాన్ని కంటున్నదని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. వేలాది జాతులున్న దశపాద వర్గంలో అట్టి ప్రాణి తెలియవచ్చుట అదే మొదటిసారి.

ఇది ఎక్కడినుండి వచ్చినది? అమెరికాలోని ఫ్లోరిడా, దక్షిణ జార్జియా ప్రాంతాలలో ప్రొకాంబరస్ ఫాలాక్స్ అనే క్రేఫిష్ ఉన్నది. దానిలో ఆడ, మగ రెండూ ఉన్నవి. సంతానోత్పత్తి కూడ సాధారణ రీతిలోనే జరుగుతుంది. చలువరాతి క్రేఫిష్‌కు అదియే మాతృజాతి అని జన్యు పరీక్షలు తేల్చినవి.

భేదం క్రోమోజోముల లెక్కలో ఉన్నది. సాధారణంగా జీవికి తల్లి నుండి ఒక జత భాగం, తండ్రి నుండి ఒక జత భాగం వచ్చి రెండు వరుసలు ఏర్పడతవి. గుడ్డు గాని, వీర్యకణం గాని తయారగునప్పుడు ఆ సంఖ్య సగం కావలెను. ఎప్పుడో ఒకసారి ఆ సగపాటు జరగలేదు. ఫలితంగా పుట్టిన పిల్లకు మూడు వరుసలు వచ్చినవి. మాతృజాతి ఒక్కొక్క వరుసలో 92 క్రోమోజోములు. మూడు వరుసలకు మొత్తం 276. మూడు వరుసలున్న జీవి సాధారణంగా గొడ్డుపోతుంది. ఇది మాత్రం తన నకలును తానే కనగలిగినది.

అట్లయిన ఇది మాతృజాతిలోని వికృతియా, వేరే జాతియా? 2015లో ప్రకటించిన ప్రయోగాలు సమాధానమిచ్చినవి. మాతృజాతి మగవాటిని దీనితో కలిపి ఉంచగా అవి జతకట్టినవి. పుట్టిన పిల్లలలో తండ్రి అంశ లేశమైనను లేదు. అన్నీ తల్లికి నకళ్ళే. రెండింటి రక్తం ఇక కలవదని తేలినది. 2017లో దీనికి ప్రొకాంబరస్ వర్జినాలిస్ అని శాస్త్రీయ నామం పెట్టిరి. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ క్యాన్సర్ పరిశోధన కేంద్రానికి చెందిన ఫ్రాంక్ లూకో బృందం దీని జన్యుపటాన్ని ప్రకటించినది. వేర్వేరు దేశాలలో సేకరించినవన్నీ దాదాపు ఒకే నకలుగా కనిపించినవి. క్యాన్సర్ శాస్త్రజ్ఞులకు ఇందులో ఆసక్తి ఏమనగా, కణితి కూడ ఒకే కణం నుండి పుట్టి తన నకళ్ళతో పెరుగుతుంది.

ఇంతవరకు విజ్ఞానం. తరువాతిది మనిషి నిర్లక్ష్యం. తొట్టి నిండినవారు కొందరు మిగిలినవాటిని చెరువులలో వదలిరి. ఈ జాతిలో ఒక్కటి తప్పించుకొన్నను చాలు, ఒక సంతతి నిలబడుతుంది. ఐరోపాలోని దేశీయ క్రేఫిష్‌లను చంపే అమెరికా తెగులును ఇది మోసుకొనిపోగలదు. అందుచే ఐరోపా సమాఖ్య 2016లో దీని పెంపకాన్ని, అమ్మకాన్ని నిషేధించినది.

ఆఫ్రికా ఖండం చెంతనున్న మడగాస్కర్ ద్వీపంలో వ్యాప్తి మరింత తీవ్రమైనది. 2007 నాటికి సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్లలో ఉన్నది పదేండ్లలో లక్ష చదరపు కిలోమీటర్లకు పైగా పాకినది. ఆ ద్వీపానికే పరిమితమైన ఏడు క్రేఫిష్ జాతులకు ముప్పు ఏర్పడినది. అయితే కథకు మరొక పార్శ్వం కూడ ఉన్నది. వరిపొలాలలో, కాలువలలో సులభంగా దొరుకుటచే పేదలకు చవకైన మాంసాహారమై, పలువురికి జీవనోపాధియైనది. బిల్హార్జియా వ్యాధిని వ్యాపింపజేసే నత్తలను ఇది తినగలదని కూడ పరిశోధకులు గుర్తించిరి. ఒకరికి అన్నం పెట్టునది మరొక జాతికి మృత్యువగుట ప్రకృతిలో కొత్త కాదు. ఒకసారి పాకినదానిని వెనుకకు తీసికొనలేకపోవుటయే ఇందలి కష్టం.

మనకు ఇది దూరపు కథ కాదు. పూలు అందముగా ఉన్నవని దక్షిణ అమెరికా నుండి తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎట్లు కప్పివేసినదో పల్లెవాసులందరికీ తెలుసు. అక్వేరియం నుండి బయటపడిన డెవిల్ ఫిష్ కృష్ణా పరిసరాల జాలరుల వలలను చించుచున్నది. గాజుతొట్టిలోని ప్రాణిపై విసుగు పుట్టినచో దుకాణానికి తిరిగి ఇవ్వవచ్చును, మరొకరికి అప్పగింపవచ్చును. చెరువులో వదలుట దయ అనిపించవచ్చును గాని, దాని మూల్యం చెల్లించునది ఆ చెరువుపై బ్రతుకునవారు.