తెర వెనుక దీపము

తోలుబొమ్మలాట చూచినవారికి తెర వెనుక దీపముండునని వేఱుగా చెప్పనక్కఱలేదు. పలుచగా గీకి రంగులద్దిన మేకతోలు బొమ్మలను తెల్లని గుడ్డకు ఆనించి ఆడింతురు. వెలుగు దీపమునందును, రంగు బొమ్మయందును ఉండును. చూచువారు తెరకు ఈవల కూర్చుందురు. నేడు బడులలోను, ఇండ్లలోను కనబడు లాప్‌టాప్ కంప్యూటర్ల తెరలు చాలవఱకు ఈ పద్ధతిలోనే పనిచేయును. వీనికి ఎల్.సి.డి. తెరలని పేరు, ద్రవస్ఫటికపు తెరలని అర్థము.

ద్రవమేమి, స్ఫటికమేమి? ఈ రెండు మాటలకు పొత్తు కుదరదనిపించును. ఆ పొత్తును 1888లో మొదట గమనించినవాడు ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ రైనిట్జర్. ప్రాగ్ నగరమున అతడు కొలెస్టరాలుకు సంబంధించిన ఒక పదార్థమును వేడిచేసెను. అది సుమారు 145 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరగి మసకద్రవమయ్యెను. 178 డిగ్రీలు దాటిన పిమ్మటగాని తేటపడలేదు. ఆ నడిమి స్థితిలో అది నీటివలె పాఱును; దాని అణువులు మాత్రము స్ఫటికమునందువలె ఒక వరుసను విడువవు. ఎనుబది యేండ్లు ఇది ప్రయోగశాలల వింతగానే యుండెను. 1968లో అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థకు చెందిన జార్జి హైల్మయర్ బృందము దీనితో చేసిన తెరను లోకమునకు చూపెను.

లాప్‌టాప్ తెర వెనుక పలుచని దీపపు పలక యుండును. దాని ముందు రెండు పొరలు అమర్చుదురు. ఒక్కొక్క పొర ఒకే దిశలో కంపించు కాంతిని మాత్రమే పోనిచ్చును. ఆ రెంటి నడుమ ద్రవస్ఫటికముండును. విద్యుత్తు తగిలినపుడు అణువులు తిరుగును. అవి తిరిగినదానినిబట్టి వెలుగు బయటికి వచ్చుటయో, ఆగిపోవుటయో జరుగును. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చొప్పున ఇరువది లక్షలకు పైబడిన చుక్కలు కలవు. ప్రతి చుక్కలోను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగుల మూడు చిన్న కిటికీలుండును.

అణువులు తిరుగు తీరునుబట్టి తెర గుణము మాఱును. టి.ఎన్. అను పాత రకమునందు అవి మెలిత్రాడువలె అమరి, విద్యుత్తు తగులగానే నిలువుగా లేచును. ఈ తెర చౌక, చుఱుకు. కాని ప్రక్కనుండి చూచినచో రంగులు వెలిసిపోవును. క్రిందినుండి చూచినచో తాఱుమాఱగును. ఒక లాప్‌టాప్ చుట్టు నలుగురు పిల్లలు కూర్చున్నపుడు కొసనున్న పిల్లవానికి పటములోని రంగులు సరిగా తెలియవు. పాపము, తప్పు వానిదేయని తలంచుటయు కలదు! ఐ.పి.ఎస్. అను రకమునందు అణువులు పరుండియే ప్రక్కలకు తిరుగును. కావున ఏ మూలనుండి చూచినను బొమ్మ ఇంచుమించుగా ఒకే తీరున నుండును. వెల కొంత హెచ్చు.

రెండు రకములకును ఒక లోపము సమానము. వెనుకనున్న దీపము ఆఱదు. నలుపు చూపవలసినపుడు కిటికీలు మూసికొన్నను సందులనుండి కొంత వెలుగు కాఱుచునే యుండును. చీకటిగదిలో చూచినచో ఆ నలుపు బూడిదరంగుగా తేలును.

ఈ లోపము లేని తెర ఓలెడ్. 1987లో కొడాక్ సంస్థ శాస్త్రజ్ఞులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు విద్యుత్తు ప్రవహించినపుడు తామే వెలుగు కర్బన పదార్థపు పలుచని పొరల నిర్మాణమును ప్రకటించిరి. ఇందు వెనుక దీపము లేదు. దీపావళినాడు పిట్టగోడపై వరుసగా పెట్టిన ప్రమిదలవలె ప్రతి చుక్కయు ఒక దీపమే. వెలిగింపని ప్రమిద నిజముగా నల్లనిది. చీకటి దృశ్యమునకు విద్యుత్తు కొంచెమే పట్టును. అయితే తెల్లని పుటపై వ్రాయునపుడు ప్రమిదలన్నియు వెలుగవలెను. బ్యాటరీ త్వరగా తఱుగును. అంతేకాదు, ఎక్కువగా వెలిగిన చుక్క ముందుగా మసకబాఱును, నీలపు చుక్క మఱింత ముందుగా. తెర అడుగున కదలక నిలుచు పట్టీ కొన్నియేండ్లకు చెఱగని నీడను విడువవచ్చును. ఒకసారి కొని అయిదాఱేండ్లు వాడుకొనదలచిన యింటికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక పైపొర సంగతి. నున్నని తెర బొమ్మను మిలమిలలాడించును. కిటికీని, చూచువాని ముఖమునుగూడ చూపును. గరుకుపొర ఆ ప్రతిబింబమును చెదరగొట్టును. అందుకు మాఱుగా అక్షరపు పదును ఒకింత తగ్గును. పగటివేళ వసారాలో చదువుకొను విద్యార్థికి నల్లని నలుపుకంటె ఈ గరుకుతనమే మేలు; ఐ.పి.ఎస్. తెరయే చాలును.

అంగడిలో తెరను పరీక్షించుట కష్టము కాదు. అచ్చట ఎప్పుడును మెఱుపు రంగుల బొమ్మలనే ఆడించుచుందురు. దానిని ఆపించి, తెల్లని పుటపై నాలుగు వాక్యములు వ్రాయించి, లాప్‌టాప్‌ను వీధివాకిలి దగ్గఱకు తెచ్చి, ముందునుండి ఒకసారి, ప్రక్కనుండి ఒకసారి చదివి చూడవలెను.