స్కానింగు చేసే చేతికీ విశ్రాంతి కావాలి

స్కానింగుకు వచ్చినవారి కళ్లన్నీ తెరమీదే ఉంటాయి. బిడ్డ కదులుతోందా, కిడ్నీలో రాయి ఉందా అన్నదే ఆత్రుత. ప్రోబు పట్టిన చేతిని ఎవరూ గమనించరు. ఈ నెల ఆ చేతి గురించి మీతో నాలుగు మాటలు చెప్పదలిచాము.

అల్ట్రాసౌండు పరీక్షలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. అయినా చేసేవారికి శ్రమ తప్పదు. చేయి పక్కకు చాచి, ప్రోబును గట్టిగా అదిమి, మెడ తెరవైపు తిప్పి చాలాసేపు అలాగే ఉండాలి. కదలకుండా బిగబట్టిన కండరానికి రక్తం సరిగా అందదు. ఇది రోజూ జరిగితే భుజంలో వాపు, మెడనొప్పి, వేళ్లలో తిమ్మిరి మొదలవుతాయి. అమెరికా, కెనడాలలో జరిపిన సర్వేలలో ఈ పని చేసేవారిలో నూటికి 80 మందికి పైగా నొప్పులున్నాయని చెప్పారు. 2006లో అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ దీనిపై ప్రత్యేక సూచనలు ప్రచురించింది.

ఎక్స్‌రే విభాగంలో కష్టం మరో రకం. లేవలేని రోగులను బల్లమీదికి మార్చాలి, పోర్టబుల్ మిషనును వార్డులకు తోసుకెళ్లాలి. కొన్ని పరీక్షలలో కిలోల బరువుండే సీసపు ఏప్రాన్ వేసుకొని గంటలు నిలబడాలి. నడుముపై ఆ భారమంతా పడుతుంది.

చిన్న ఊళ్లలో చాలాచోట్ల స్కానింగు చేసే డాక్టరు ఒక్కరే. ఆ భుజం మొరాయిస్తే గర్భిణులు పట్నం బస్సెక్కవలసిందే.

నివారణ కష్టం కాదు. బల్లనూ కుర్చీనీ తగిన ఎత్తుకు సర్దుకోవాలి. తెర కళ్లకు ఎదురుగా ఉండాలి. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచి, దానికింద చిన్న దిండు పెట్టుకోవాలి. ప్రోబును అవసరానికి మించి బిగించి పట్టుకోకూడదు. రోగికీ రోగికీ మధ్య ఒక నిమిషం చేతులు విదిలించి, మెడ తిప్పుకోవాలి. నొప్పి మొదట్లోనే చూపించుకోవాలి.

మీరూ సాయపడగలరు. బల్ల అంచుకు దగ్గరగా జరగమంటే జరగండి. మీ చేయి మీరే ఎత్తగలిగితే ఎత్తండి. లేవలేని రోగిని ఒక్కరిచేత మోయించక, సిబ్బంది చెప్పినట్లు దుప్పటి అంచులు పట్టి అందరూ ఒక్కసారిగా జరపండి. పాత రిపోర్టులు తెచ్చుకోండి. ఒక నిమిషం ఆలస్యమైతే విసుక్కోకండి. ఆ నిమిషంలో సేదదీరిన చేయే మీ పరీక్షను నిదానంగా, శ్రద్ధగా చేస్తుంది.

కుట్టుమిషను ముందు వంగి కూర్చునేవారికీ, బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లకూ ఈ జాగ్రత్తలు చాలావరకు వర్తిస్తాయి. ఇంట్లో వారికి కూడా చదివి వినిపించండి.