ఫోన్‌లో వేపర్ చాంబర్ ఎలా పనిచేస్తుంది? వేడెక్కితే ఫ్రిజ్‌లో పెట్టొచ్చా?

గేమింగ్ ఫోన్ల స్పెక్స్‌లో ‘వేపర్ చాంబర్’ అని చూసే ఉంటారు. పేరు ఘనంగా ఉన్నా, లోపల ఉండేది పల్చటి రాగి రేకుల మధ్య సీల్ చేసిన కొద్దిపాటి నీళ్లే. గాలి తీసేస్తారు కాబట్టి 100 డిగ్రీలు రాకముందే అవి మరుగుతాయి. 1 గ్రాము నీటిని 1 డిగ్రీ వేడెక్కించడానికి 4.2 జౌల్స్ చాలు. అదే ఆవిరి చేయాలంటే 2,200 జౌల్స్‌కి పైనే కావాలి, ఆ వేడంతా ప్రాసెసర్ నుంచే లాగేస్తుంది. ఆవిరి చల్లటి వైపు వెళ్లి మళ్లీ నీరై, వత్తి నూనె పీల్చినట్టు సన్నటి జాలీ గుండా వెనక్కి వస్తుంది.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. నేను ఓసారి పెట్టి చూశా, కెమెరా గ్లాస్ లోపల తేమ పట్టేసింది. ఐపీ68 బయటి నీళ్లనే ఆపుతుంది. ఫోన్ లోపలి గాలిలో ఉన్న ఆవిరి చల్లబడి చుక్కలైతే అదేం చేస్తుంది? కేస్ తీసి ఫ్యాన్ కింద పెట్టండి, చాలు.