నురగ చెప్పే కథ: సుదూరాశ్వయానంలో పశువైద్యుని పాత్ర

న్యూజిలాండ్ పచ్చిక కొండలలో జరిగే ఎండ్యూరెన్స్ రైడింగ్‌ను చూడబోయినప్పుడు మా అమ్మాయి, "నాన్నా, గుర్రానికి సబ్బు ఎవరు రాశారు?" అని ప్రశ్నించింది. మెడ మీది ఆ తెల్లని నురగకు కారణం లాథరిన్ అనే ప్రోటీను. నీటికి సులభంగా తడవని రోమాల మీద చెమటను పలుచగా పరచి, త్వరగా ఆవిరి కావడానికి అది తోడ్పడుతుంది.

ఈ చల్లదనానికి గుర్రం చెల్లించే మూల్యం అధికం. ఎండవేళ శ్రమించే గుర్రం గంటకు 10 నుండి 15 లీటర్ల చెమటను కోల్పోగలదు. మన చెమటలో ఉప్పు రక్తంలో కంటె తక్కువ. కనుక నీరు పోయేకొద్దీ రక్తం చిక్కబడి దాహం పుడుతుంది. గుర్రం చెమటలోనో, ఉప్పు రక్తంలోని దానికి సమానం, లేదా అధికం. నీరూ ఉప్పూ కలిసి పోవడంవల్ల శరీరం ఎండిపోతున్నా తగినంత దాహం పుట్టదు. మొదట కొంత ఉప్పునీరు తాగిస్తే దాహం మేల్కొంటుంది.

క్లోరైడ్ నష్టం వలన రక్తం క్షారగుణం పొందుతుంది. కాల్షియం అయాన్లు తగ్గి, గుండె కొట్టుకున్నప్పుడల్లా వెక్కిళ్ళ వలె డొక్కలు ఎగరవచ్చు. అట్టి గుర్రానికి వంటసోడా ఇవ్వడం హానికరం.

అందుకే 160 కిలోమీటర్ల పందెంలోనైనా దారిని భాగాలుగా విభజించి, ప్రతి భాగం చివర పశువైద్యులు పరీక్షిస్తారు. నిర్ణీత వ్యవధిలో గుండె వేగం సాధారణంగా నిమిషానికి 64కు దిగాలి. చిగుళ్ళ రంగు, చర్మపు మడత సర్దుకొనే తీరు, పేగుల చప్పుడు, నడకలో కుంటు అన్నీ చూస్తారు. గమ్యం చేరిన తరువాత కూడ ఈ పరీక్షలో నెగ్గకపోతే ఆ ప్రయాణం లెక్కకు రాదు.

ఇంత జాగ్రత్త ఎందుకో 2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో జరిగిన ప్రపంచ పోటీ తెలిపింది. ఎండ, ఉక్కపోతల వలన పందెం నడుమనే రద్దయింది. యాభైకి పైగా గుర్రాలకు చికిత్స అవసరమైంది. న్యూజిలాండ్ జట్టుకు చెందిన 20 ఏళ్ళ 'బరాక్ ఒబామా' అనే గుర్రానికి మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతినడంతో, వైద్యులు దానికి కారుణ్యమరణం కలిగించవలసి వచ్చింది. రక్తనాళంలోకి ద్రవాలెక్కించడం, ఒంటిపై పదేపదే చన్నీరు పోయడం ఎందరినో కాపాడుతాయి. కాని సకాలంలో ఆపడమే అన్నిటికంటె ఉత్తమ చికిత్స.

నకులుడు విరాటుని అశ్వశాలలో కొలువు చేసిన కథ మన పిల్లలకు చెబుతూనే ఉంటాము. దాహమని చెప్పలేని జీవి దాహాన్ని కనిపెట్టడమే ఆ విద్య అని కూడ చెబుదాము.