జీటీఏ 6 కోసం కార్డు కొంటున్నారా? ముందు ఇంటి కరెంటు మీటరు చూడండి

పాతబస్తీలో కంప్యూటర్ ఆటలంటే ఇష్టమున్న కుర్రాళ్లు నలుగురు కలిస్తే ఇప్పుడు నడిచే మాట ఒక్కటే. జీటీఏ 6కి ఏ గ్రాఫిక్స్ కార్డు తీసుకోవాలి? ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగి, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు చేరి, "ఇది పెడితే జీటీఏ సిక్స్ నడుస్తదా అన్నా?" అని అడిగేవాళ్లు చాలామంది. ఆ ప్రశ్నకు ఏ దుకాణదారూ ఖచ్చితమైన జవాబు ఇవ్వలేడు. ఎందుకంటే ఆ ఆట పీసీ మీద ఎప్పుడు వస్తుందో, దానికి ఏం కావాలో రాక్‌స్టార్ సంస్థ చెప్పలేదు.

తేదీలు చూద్దాం. మొదటి ట్రైలర్ 2023 డిసెంబర్‌లో వచ్చింది. విడుదల 2025లోనే అన్నారు. తర్వాత 2026 మే 26 అన్నారు. 2025 నవంబర్‌లో మళ్లీ మార్చి 2026 నవంబర్ 19 అన్నారు. ఈ ప్రకటనలన్నీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ గురించే. పీసీ ఊసు వాటిలో లేదు.

ఈ కంపెనీకి ఇదేమీ కొత్త కాదు. జీటీఏ 4 కన్సోళ్ల మీద 2008 ఏప్రిల్‌లో వస్తే, పీసీ మీదికి ఆ ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. అంటే ఏడు నెలలు. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబర్ 17న, పీసీకి 2015 ఏప్రిల్ 14న వచ్చింది. దాదాపు పంతొమ్మిది నెలలు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు 2018 అక్టోబర్ 26 నుంచి 2019 నవంబర్ 5 దాకా, ఏడాది పైచిలుకు పట్టింది. పాత అలవాటే కొనసాగితే జీటీఏ 6 పీసీ మీదికి 2027 మధ్య నుంచి 2028 మధ్యలోపు రావచ్చు. ఇది నా అంచనా మాత్రమే. కానీ ఈ లోపు కార్డుల తరమే మారిపోయే అవకాశం ఉంది. ఎన్విడియా 30 సిరీస్ 2020 సెప్టెంబర్‌లో, 40 సిరీస్ 2022 అక్టోబర్‌లో, 50 సిరీస్ 2025 జనవరిలో మొదలయ్యాయి. తరానికీ తరానికీ మధ్య రెండేళ్లు, ఆ పైన కొద్ది నెలలు.

మరి అంచనాకు ఏ ఆధారమూ లేదా అంటే, ఉంది. ఇదే కంపెనీ పాత ఆటలకు అడిగిన కార్డులు చూడండి. 2015లో జీటీఏ 5కు కనీసం 1 జీబీ మెమరీ ఉన్న జీఫోర్స్ 9800 జీటీ చాలన్నారు. సిఫారసు చేసినది 2 జీబీ జీటీఎక్స్ 660. నాలుగేళ్ల తర్వాత రెడ్ డెడ్ 2కు సిఫారసు 6 జీబీ జీటీఎక్స్ 1060కి చేరింది. 2025 మార్చిలో జీటీఏ 5నే మెరుగులు దిద్ది మళ్లీ ఇచ్చినప్పుడు కనీసం 4 జీబీ జీటీఎక్స్ 1630, సిఫారసుగా 8 జీబీ మెమరీతో ఆర్‌టీఎక్స్ 3060 అడిగారు. పన్నెండేళ్ల నాటి ఆటకే 8 జీబీ అంటున్నప్పుడు, రాబోయే ఆటకు 8 జీబీ కార్డుతో నిశ్చింతగా ఉండొచ్చని నేను చెప్పలేను.

కన్సోళ్ల అంకెలు ఇంకొంత చెబుతాయి. ప్లేస్టేషన్ 5 గ్రాఫిక్స్ సామర్థ్యం 10.28 టెరాఫ్లాప్స్, అంటే సెకనుకు 10.28 లక్షల కోట్ల లెక్కలు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి 16 జీబీ మెమరీ. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ సామర్థ్యం 4 టెరాఫ్లాప్స్, మెమరీ మొత్తం 10 జీబీ. ఆట ఈ చిన్న పెట్టె మీద కూడా నడవాలి కాబట్టి, సెట్టింగులు తగ్గించుకుంటే మామూలు కార్డు మీదా నడుస్తుందన్న ఆశ సబబే. ప్లేస్టేషన్ 5 స్థాయికి పీసీలో దగ్గరి బంధువు ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 6700. ప్లేస్టేషన్ 5లో ఉన్నట్టే అందులోనూ 36 కంప్యూట్ యూనిట్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. మెమరీ 10 జీబీ. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. టెరాఫ్లాప్స్ అంకెను ఎన్విడియా కార్డు పక్కన పెట్టి పోల్చకండి. ఆర్‌టీఎక్స్ 3060 కాగితం మీద 12.7 టెరాఫ్లాప్స్ చూపిస్తుంది గానీ, ఆ లెక్క కట్టే పద్ధతి వేరు. ఆటలో అంత తేడా కనిపించదు.

కార్డు కంటే ముందు మీ మానిటర్ ఏదో చూసుకోండి. 1080పీ తెర మీద 20,73,600 చుక్కలుంటాయి. 1440పీ మీద 36,86,400. 4కే మీద 82,94,400, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌లో ఈ చుక్కలన్నిటికీ రంగు తేల్చడానికి కార్డుకు దొరికేది 16.7 మిల్లీసెకన్లే. ఇంట్లో ఉన్నది 60 హెర్ట్జ్, 1080పీ మానిటరైతే 4కే కోసం తయారైన కార్డుకు పెట్టే డబ్బులో చాలా భాగం మీ కంటికి చేరనే చేరదు.

ఇక ధరలు. ఎన్విడియాకూ ఏఎండీకీ హైదరాబాద్‌లోనే ఇంజినీరింగ్ కేంద్రాలున్నా, చిప్పులు తైవాన్‌లో తయారవుతాయి, ధర డాలర్లలో మొదలవుతుంది. డాలరు 90 రూపాయలనుకుని, పైన 18 శాతం జీఎస్టీ కలిపి లెక్కేద్దాం. 8 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 అమెరికా ప్రకటిత ధర 299 డాలర్లు, మన లెక్కన సుమారు 31,750 రూపాయలు. 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 349 డాలర్లు, అంటే 37,060. 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 429 డాలర్లు, అంటే 45,560. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ మెమరీ ఉంది. ధర 249 డాలర్లు, అంటే 26,440. ఇవి దుకాణం ధరలు కావు. అక్కడ చెప్పే ధరను కొలుచుకోవడానికి పనికొచ్చే గీత. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. మైక్రాన్ కంపెనీ ఆ డిసెంబర్‌లో మామూలు వినియోగదారులకు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అందుకే 16 జీబీ కార్డుల మీద ఈ గీతకంటే ఎక్కువే అడగొచ్చు. ఎంత ఎక్కువ అడుగుతున్నారో తెలిస్తే బేరం చేయడం మీ చేతిలో పని.

ఈ నాలుగింటిలో ఇవాళ్టి ఆటల కోసం కొనేవాళ్లకు నా ఓటు 16 జీబీ 9060 ఎక్స్‌టీకే. ఆర్‌టీఎక్స్ 5060 కంటే అయిదు వేల పైచిలుకు ఎక్కువైనా మెమరీ రెట్టింపు. పాత మదర్‌బోర్డు ఉన్నవాళ్లకు ఇంకో కారణమూ ఉంది. 5060 మదర్‌బోర్డుతో మాట్లాడేది 8 లేన్ల మీద, 9060 ఎక్స్‌టీ 16 లేన్ల మీద. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉన్న పాత బోర్డులో, కార్డు మెమరీ నిండిపోయి సిస్టమ్ ర్యామ్ వైపు పరుగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ఆట తడబడేలా చేస్తుంది.

ఇప్పుడు క్యాబినెట్ పక్క డోరు తీసి పవర్ సప్లై మీది స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉండొచ్చు. అది కాదు చూడాల్సింది. ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. 16 ఆంపియర్లు ఉంటే 192 వాట్లు. ఆర్‌టీఎక్స్ 5060 ఒక్కటే 145 వాట్లు తాగుతుంది, మామూలు ప్రాసెసర్ మరో 65. రెండూ కలిస్తేనే 210. ఆ సప్లై ఎప్పుడో ఒకప్పుడు ఆట మధ్యలో ఆరిపోతుంది, పోతూ పోతూ కార్డును కూడా తీసుకుపోవచ్చు. 5060కి 550 వాట్ల మంచి సప్లై ఉండాలని ఎన్విడియా చెబుతుంది. యూపీఎస్ విషయమూ అంతే. 600 వీఏ అని పేరున్న వాటిలో చాలా వరకు ఇచ్చేది 360 వాట్లే.

కార్డు చర్చల్లో ఎవరూ ఎత్తని సంగతి కరెంటు బిల్లు. పాతబస్తీ ఇళ్లకు ఇది చాలా పెద్ద సంగతి కాబట్టి కాస్త ఆగి చూద్దాం. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు.

ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు, లైట్లు అన్నీ కలిపి నెలకు 160 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. 145 వాట్ల కార్డుతో మొత్తం కంప్యూటర్, మానిటర్ సహా, ఆట నడుస్తున్నప్పుడు సుమారు 300 వాట్లు లాగుతుంది. రోజుకు నాలుగు గంటల చొప్పున 30 రోజులకు 36 యూనిట్లు. మొత్తం 196. బిల్లు సున్నా. అదే కంప్యూటర్‌లో సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని 320 వాట్ల ఆర్‌టీఎక్స్ 3080 పెట్టారనుకోండి. అదనం 175 వాట్లు, నెలకు 21 యూనిట్లు. మొత్తం 217. మొదటి 200 యూనిట్లకు 5.10 చొప్పున 1,020 రూపాయలు, మిగిలిన 17కు 7.70 చొప్పున 131. మొత్తం 1,151 రూపాయలు, ఫిక్స్‌డ్ చార్జీల వంటివి అదనం. ఏడాది పొడవునా ఇలాగే సాగితే 13,800 దాటుతుంది. చవగ్గా దొరికిందనుకున్న కార్డు ఆ ఇంటికి అస్సలు చవక కాదు.

గృహజ్యోతి లేనివాళ్లకూ శ్లాబు దెబ్బ ఉంది, 200 దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారుతుంది. 196 యూనిట్లకైతే మొదటి వంద 3.40, మిగతా 96 యూనిట్లు 4.80 చొప్పున 801 రూపాయలు. 217కు 1,151. ఆ 21 యూనిట్ల ఖరీదు 350 రూపాయలు, అంటే యూనిట్‌కు పదహారున్నర పైనే. ఒకే మీటరు మీద రెండు పోర్షన్లు నడిచే ఇళ్లలో ఈ గీత ఇంకా తొందరగా దాటుతుంది. కార్డు కొనే ముందు గడిచిన పన్నెండు నెలల బిల్లులు తీసి, వేసవి నెలలను విడిగా చూసుకోండి. కూలర్ నడిచే ఏప్రిల్, మే నెలల్లో 160 ఎక్కడ ఆగుతుంది?

ఉన్న కార్డుతోనే కొంత తగ్గించుకోవచ్చు. డ్రైవర్ సెట్టింగుల్లో ఫ్రేములను మానిటర్ హెర్ట్జ్‌కు సరిపోయేలా కట్టేయండి. 60 హెర్ట్జ్ తెరకు 110 ఫ్రేములు తయారు చేయడం కరెంటు దండగ, గదికి వేడి. పైకప్పు ఎండకు కాగిన మేడ గదిలో, మే మధ్యాహ్నం, 300 వాట్ల కంప్యూటర్ 300 వాట్ల హీటరే. వేడి హద్దు దాటితే కార్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పుడు ఖరీదైన కార్డు చవక కార్డులాగే ఆడుతుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు కొన్ని మాటలు గట్టిగా చెప్పాలి. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టోకరెన్సీ పద్ధతి మార్చుకుని కార్డులతో మైనింగ్‌ను ఆపేసింది. రాత్రింబవళ్లు పనిచేసిన ఆ కార్డులు ఆపై పాత సామాన్ల మార్కెట్లోకి వచ్చాయి. జుమ్మెరాత్ బజార్‌లో గానీ, ఫోన్లో బేరం కుదిరి ఏదో గల్లీ చివర కలిసే మనిషి దగ్గర గానీ, నడుస్తుండగా చూడకుండా కార్డు తీసుకోకండి. జీపీయూ-జడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి షేడర్ల సంఖ్య చూడండి. అసలైన ఆర్‌ఎక్స్ 580లో 2,304 ఉంటాయి. 2,048 కనిపిస్తే అది తక్కువ రకం చిప్. పాత చిప్‌కు కొత్త కార్డు పేరు రాసి అమ్మే నకిలీలూ ఉన్నాయి, వాటిని ఆ సాఫ్ట్‌వేర్ చాలా వరకు పట్టేస్తుంది. తర్వాత అరగంట ఆట నడిపించి, తెర మీద గీతలు, చుక్కలు పడుతున్నాయేమో చూడండి.

ఎంత బాగా నడిచినా జీటీఎక్స్ 1060 లాంటి 10 సిరీస్ కార్డులను జీటీఏ 6 కోసం కొనొద్దు. కొత్త ఆటలకు వాటి డ్రైవర్లు ఇవ్వడం ఎన్విడియా 2025 అక్టోబర్‌తో ఆపేసింది. పైగా ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్, డూమ్: ద డార్క్ ఏజెస్ వంటి ఆటలు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ లేని కార్డు మీద నడవనంటున్నాయి, కనీసం 8 జీబీ ఆర్‌టీఎక్స్ 2060 సూపర్ అడుగుతున్నాయి. జీటీఏ 6 కూడా అదే దారి పడితే 10 సిరీస్, 16 సిరీస్, ఆర్‌ఎక్స్ 580 అన్నీ బయటే ఉండిపోతాయి.

కాబట్టి తమ్ముళ్లూ, జీటీఏ 6 ఒక్కదాని కోసమే అయితే ఇప్పుడేమీ కొనకండి. పీసీ తేదీ, దాని వెంట స్పెసిఫికేషన్లు వచ్చేదాకా డబ్బు చేతిలోనే ఉంచుకోండి. ఉన్న కార్డు కాలిపోయిందా, లేక ఇవాళ ఆడుతున్న ఆటలే నడవడం లేదా, అప్పుడు ఆ ఆటల కోసం, మీ మానిటర్‌కూ మీటరుకూ సరిపోయే కార్డు తీసుకోండి. కొత్తది కొంటే జీఎస్టీ బిల్లు అడిగి, కార్డు మీది సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని, వారంటీ తీరేదాకా డబ్బా పారేయకండి.