గాలిచాటు

మా రొళ్లలో సైకిల్ తొక్కడం రానివాళ్ళు తక్కువ. వక్కతోటలకి నీళ్ళు కట్టను పోయేవాళ్ళు, హ్యాండిల్‌కి చెరోవైపు పాల క్యాన్లు తగిలించుకున్నవాళ్ళు, వెనక క్యారియర్ మీద మనిషికంటే ఎత్తు పచ్చిగడ్డి మోపు కట్టుకుని వచ్చేవాళ్ళు, అందరూ సైక్లిస్టులే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడికొస్తా పథకం కింద మా క్లాసు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. నా తొక్కుడు అక్కడ మొదలైంది. అందుకే మా సీనియర్ ఒకాయన "జనవరి చివర్లో సరిహద్దు అవతల ఒక రేసుంది, సీజన్‌లో మొదటిది, ఆడవాళ్ళ విభాగంలో పేర్లు తక్కువొచ్చాయంట, నా రోడ్ బైక్ తీసుకుని పో" అన్నప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఏముంది, సైకిలే కదా అనుకున్నా.

రేసు రెండు రోజులు. శనివారం టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో వదులుతారు, 20 కి.మీ. ఎవరికి వాళ్ళు తొక్కాలి. ఆదివారం అందరూ ఒకేసారి బయల్దేరే రోడ్ రేస్, మాకు 48 కి.మీ. మొదట వచ్చినవాళ్ళ తర్వాత పావుగంటలోపు గీత దాటకపోతే ఫలితాల్లో పేరుండదు. "టైమ్ కట్" అంటారు. నాకు భయమేసింది ఒక్క దీనికే. గెలవననేది తెలుసు. కానీ ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చి, కాగితం మీద పేరే లేకుండా తిరిగి పోవడమంటే కష్టం.

సంక్రాంతి సెలవులకి బైక్‌ని ఇంటికే తెచ్చుకుని మడకశిర రోడ్డు మీద రెండు వారాలు తొక్కినా. రేసు ముందురోజు ముందు చక్రం ఊడదీసి, పాత దుప్పటి చుట్టి, హిందూపురం దాకా బస్సులో, అక్కణ్ణుంచి గౌరిబిదనూరు వైపు. కండక్టర్ లగేజీ టికెట్ కొడుతూ "ఇంత సన్నటి టైర్లా, మన రోడ్లకి నిలుస్తాయా?" అన్నాడు. సరైన ప్రశ్నే. సన్నటి టైరుకి గాలి ఎంత ఎక్కువ కొడితే అంత వేగం అనే నమ్మకం చాలామందికుంది. నున్నటి రోడ్డు మీద కొంత నిజం. కంకర తేలిన రోడ్డు మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయికీ ఎగురుతుంది, ఆ ఎగరడానికి శక్తి మన కాళ్ళలోంచే పోతుంది. అంతకుముందు షాపాయన 120 పీఎస్ఐ కొట్టిచ్చాడు. నా బరువు 58 కిలోలు. 85కి దించుకున్నాక బండి నేల మీద నిలబడింది.

ఇక శనివారం సంగతి. ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, మెకానికల్ వాళ్ళు ఓపిక పట్టండి, సీఎస్ఈ వాళ్ళు కూడా పట్టండి.

సైకిల్ మీద పోయేవాళ్ళకి సమతలం మీద ప్రధాన శత్రువు గాలి. గాలి అడ్డగింపు బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. మన ఎత్తులో గాలి సాంద్రత సుమారు 1.1, వంగి కూర్చున్న మనిషికి డ్రాగ్ ఏరియా సుమారు 0.35 చదరపు మీటర్లు అనుకుందాం. గంటకి 30 కి.మీ. వేగంలో గాలికే 111 వాట్లు కావాలి. టైర్ల రాపిడికి ఇంకో 28. మొత్తం 139. అదే 36 కి.మీ. వేగానికి గాలికి 192, టైర్లకి 33, కలిపి 225. వేగం 20 శాతం పెంచితే పవర్ 60 శాతానికి పైగా పెంచాలి. నేను గంటసేపు నిలబెట్టగలిగేది 150 వాట్లు. అంటే ఒంటరిగా, గాలి లేనప్పుడు, నా హద్దు 31 దగ్గర.

గాలి ఉంటే? సెకనుకి 5 మీటర్ల ఎదురుగాలిలో అదే 30 కి.మీ. వేగంతో పోవాలంటే 313 వాట్లు. మా అనంతపురం పాత జిల్లా వాళ్ళకి గాలి కొత్త కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢంలో మా ఊరి రోడ్డు మీద సైకిల్ తొక్కితే ముందుకు పోతున్నామా నిలబడ్డామా తెలీదు. జనవరి గాలి అంత ఉండదు, కానీ ఆ పొద్దున కొంచెం తూర్పు నుంచి వీస్తా ఉంది, మమ్మల్ని మొదట పంపింది తూర్పుకే.

నేను అనుకున్నదేంటంటే, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి, రెండూ కొట్టేసుకుంటాయి అని. కొట్టుకోవు. 10 కి.మీ. గంటకి 24తో పోతే 25 నిమిషాలు. వచ్చేటప్పుడు 36తో వస్తే 16 నిమిషాల 40 సెకన్లు. మొత్తం 41 నిమిషాల 40 సెకన్లు. గాలి లేకుండా 30తో పోయొస్తే 40 నిమిషాలే. నష్టం వచ్చేది ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి. అందుకే అనుభవమున్నవాళ్ళు ఎదురుగాలిలో తమ సగటుకంటే కొంచెం ఎక్కువ శక్తి పెడతారు, వెనకగాలిలో కొంచెం తగ్గిస్తారు. "కొంచెం" అన్నమాట గమనించండి. నేను మొదటి మూడు కిలోమీటర్లలోనే ఉన్నదంతా పెట్టేసినా. మలుపు తిరిగేసరికి కాళ్ళు చెనక్కాయ బస్తాల్లాగా అయిపోయినాయి, వెనకగాలి తోస్తా ఉన్నా తొక్కేవాళ్ళు లేరు. 42 నిమిషాల పైచిలుకు. మొదటొచ్చినామె 34లో ముగించింది.

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. ఓడిపోయినందుకు కాదు. పొద్దున గుంపులో తొక్కాలి. టైమ్ ట్రయల్‌లో పడితే నేనొక్కదాన్నే పడతా. గుంపులో పడితే పదిమందిని పడేస్తా. పైగా బైక్ నాది కాదు. "సైకిల్‌కేమైనా పర్లేదు, నువ్వు పడొద్దు" అని సీనియర్ అన్నాడు గానీ, అది ఇంటర్న్‌షిప్ డబ్బులన్నీ కూడబెట్టి కొన్నదని హాస్టల్లో అందరికీ తెలుసు.

గుంపు ఎందుకు అవసరమో లెక్కే చెప్తుంది. ముందు చక్రానికి అరమీటరు వెనక మన చక్రం ఉంటే గాలి భారం మూడో వంతు దాకా తగ్గుతుంది. డ్రాఫ్టింగ్ అంటారు, మనం గాలిచాటు అనుకోవచ్చు. 36 కి.మీ. వేగంలో నాకు కావాల్సిన 225 వాట్లు అప్పుడు 160 దగ్గరికి దిగుతాయి. నా 150కి ఇంచుమించు అందేంత దగ్గర. అంటే నాకంటే ఎంతో బలమైనవాళ్ళతో నేను గంటసేపు కాకపోయినా చాలాసేపు పోగలను. ఒకే షరతు, ఆ అరమీటరు దూరంలో ఉండాలి. రెండు, మూడు మీటర్లు వదిలితే చాటు తగ్గిపోతుంది.

నేను మూడు మీటర్లు వదిలినా.

ముందున్న చక్రం తప్ప ఏమీ కనపడదు, అది ఎప్పుడు బ్రేక్ కొడుతుందో తెలీదు, నా చక్రం దానికి తగిలితే ముందుపోయేవాళ్ళకి ఏమీ కాదు, నేనే పడతా. ఇదీ నా భయం. కాబట్టి గుంపు చివర, దూరంగా. కానీ చివర ఉండటం ఇంకో రకంగా ఖరీదైన పని. మలుపుల దగ్గర ముందున్నవాళ్ళు వేగం పెద్దగా తగ్గకుండా తిరిగేస్తారు. వెనక్కి వచ్చేకొద్దీ ఒకరి వెనక ఒకరు బ్రేకులు కొడుతూ, చివరివాళ్ళు దాదాపు సగం వేగానికి పడతారు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బస్సుల వరుస ఎట్లా ముడుచుకుని సాగుతుందో అట్లా. నేనూ సైకిలూ కలిపి 68 కిలోలు. సెకనుకి 5 మీటర్ల నుంచి మళ్ళీ 10కి చేరాలంటే 2,550 జౌల్స్. ఎనిమిది సెకన్లలో చేరాలంటే మామూలుగా పెట్టేదానిపైన ఇంకో 319 వాట్లు. ముందున్నామె ఇదేమీ కట్టదు. నేను ప్రతి మలుపుకీ కట్టినా. 14వ కిలోమీటరు దగ్గర ఒక పల్లె మధ్యలో వరసగా రెండు మలుపులు, రెండో మలుపు తిరిగేసరికి గుంపు వంద మీటర్ల అవతల ఉంది. కళ్ళముందే చిన్నదైపోయింది. ఎవరూ నన్ను ఓడించలేదు, నేనే వదులుకున్నా.

మిగిలింది 34 కి.మీ. ఒంటరిగా పోతే టైమ్ కట్ తప్పదు.

కొంచెం దూరంలో నాకంటే ముందు ఊడిపడిన ఇద్దరు కనిపించారు. ఒకరు బెంగళూరు నుంచి వచ్చినామె, మా అమ్మ ఈడు. ఇంకొకరు ఇంటర్ చదివే పిల్ల. ఆమె వెనక్కి చూసి చెయ్యి ఊపి వేగం తగ్గించింది. నేను చేరగానే అడిగిన మొదటి మాట, కన్నడంలో, "వంతులేసుకుందామా?" అని. మా సరిహద్దు ఊళ్ళవాళ్ళకి ఇదొక సుఖం, కన్నడం నేర్చుకోకుండానే వచ్చేస్తుంది.

వంతులు ఇట్లా. ముందున్నవాళ్ళు ఒక నిమిషం గాలి మోస్తారు. తర్వాత గాలి వచ్చేవైపుకి కొంచెం జరిగి, కాళ్ళు తేలిక చేసి, వెనక్కి జారి, చివరి చక్రాన్ని పట్టుకుంటారు. ఇప్పుడు రెండోవాళ్ళు ముందు. ఇక్కడ కొత్తవాళ్ళందరూ చేసే తప్పు, నేనూ చేసినా: వంతు రాగానే ఉత్సాహంగా వేగం పెంచడం. మనం బాగా సాయం చేస్తున్నామనుకుంటాం. నిజానికి అప్పుడే పక్కకి తప్పుకున్న మనిషి అలసిపోయి ఉంటుంది, మనం వేగం పెంచితే చివరి చక్రం అందక ఊడిపోతుంది. రెండుసార్లు అదే చేశాక ఆమె వెనకనుంచి "నిధాన మగూ, నిధాన" అంది. వేగం అట్లాగే ఉంచి తొక్కడం పెంచడం కంటే కష్టం, నమ్మండి.

ఆ రెండో పిల్ల చక్రానికి దగ్గరగా నన్ను తెచ్చింది ధైర్యం కాదు, అలసట. దూరంగా ఉండే ఓపిక అయిపోయింది. ఆమె చక్రం చూడొద్దు, భుజాల మీదుగా రోడ్డు చూడు అని పెద్దామె చెప్పింది. చక్రం చూస్తే ఏమైనా అయ్యాకే తెలుస్తుంది, రోడ్డు చూస్తే గుంత ముందే కనపడుతుంది. గుంత వస్తే ముందువాళ్ళు చేత్తో చూపిస్తారు, నోటితోనూ అరుస్తారు. ఆ పిల్ల ప్రతి గుంతకీ అరిచింది. ఆ రోడ్డుకి బాగా అరవాల్సి వచ్చింది.

అప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఆషాఢం గాలిలో బడినుంచి వస్తుంటే, తోటనుంచి వచ్చే తాత ఎదురైతే, గడ్డిమోపుతో ముందు పోతూ "నా ఎనకాల్నే రా పాపా, గాలి తగల్దు" అనేవాడు. ఎనిమిదేళ్ళ క్రితం నాకు తెలిసిందే ఇది. ఎందుకో రేసు అనేసరికి ఒంటరిగా చేసేది అనుకున్నా.

మధ్యలో తిండి గురించి ఒక మాట, ఎందుకంటే మెసేజ్‌లలో ఎక్కువమంది అడిగింది ఇదే. గంటన్నర రేసులో గంటకి 60 గ్రాముల దాకా కార్బోహైడ్రేట్ శరీరం వాడుకోగలదు. జెల్ ప్యాకెట్లు కొనే స్తోమత లేదు, అరటిపండు, చెనక్కాయ ఉండలు పెట్టుకున్నా. అరటిపండు సరే. చెనక్కాయ ఉండలో నూనె ఎక్కువ, నమలాలి, నమిలేటప్పుడు ఊపిరి అందదు. ఇంకోసారైతే బెల్లం నీళ్ళు, చిటికెడు ఉప్పు. పొద్దున రాగి ముద్ద మాత్రం రేసుకి రెండు గంటల ముందు తినొద్దు, అనుభవంతో చెప్తున్నా.

ఈ ఆట పాతదే. 1869 నవంబర్‌లో ప్యారిస్ నుంచి రూవెన్ దాకా 123 కి.మీ. రేసు జరిగింది, ఊరినుంచి ఊరికి జరిగిన మొదటి సైకిల్ రేసుగా చెప్తారు. అందులో "మిస్ అమెరికా" అనే మారుపేరుతో ఒక ఆడమనిషి తొక్కి 29వ స్థానంలో వచ్చింది. మన దగ్గర అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతూ సైకిలెక్కిన నవీన్ జాన్ 2014లో జాతీయ టైమ్ ట్రయల్ గెలిచాడు. ఉత్తర కర్ణాటకలో విజయపుర, బాగల్‌కోట్ వైపు ఏళ్ళుగా జాతీయ స్థాయి సైక్లిస్టులు తయారవుతున్నారు. మనకేమో ఇంత గాలి ఉండి, ఇన్ని రోడ్లుండి, ఇన్ని సైకిళ్ళుండి, స్టార్ట్ లైన్ దగ్గర మన జిల్లా నుంచి నేనొక్కదాన్నే. ఇది నాకు నచ్చలేదు.

చివరి ఐదు కిలోమీటర్లు ఎదురుగాలి. ఇంటర్ పిల్లకి కాళ్ళు పట్టేసినాయి, వంతు తీసుకోలేనంది. వదిలేసి పోవచ్చు, రేసు కదా. పెద్దామె నావైపు చూసింది, ఏమీ అనలేదు. గడియారం చూసుకున్నా. ఇద్దరమే వంతులు మార్చుకుంటూ ఆ పిల్లని చివరి చక్రంగా ఉంచుకున్నాం. ఒక్కోసారి తన చక్రం జారిపోతే వేగం కొంచెం దించి మళ్ళీ ఎక్కించుకున్నాం. గీత దాటేటప్పటికి టైమ్ కట్‌కి నిమిషం నలభై సెకన్లు మిగిలున్నాయి. ముగ్గురి పేర్లూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి వచ్చాయి, చివరి మూడు.

నాయనకి ఫోన్ చేస్తే "గెల్చినావా పాపా?" అన్నాడు.

"లేదు నాయనా. చివరినుంచి మూడు."

"పళ్ళేదు కదా?"

"పళ్ళేదు."

"సైకిలో?"

"అదీ బాగుంది."

ఫిబ్రవరి మూడో వారంలో ఇంకోటి ఉంది. సీనియర్ బైక్ మళ్ళీ అడగాలి. క్యాంపస్ వెనక రింగు రోడ్డు మీద ఆదివారం పొద్దున ఆరుకి అరమీటరు దూరం ప్రాక్టీస్ మొదలుపెడుతున్నా, మామూలు గేర్ సైకిల్ అయినా పర్లేదు, హెల్మెట్ మాత్రం తప్పనిసరి. ఇద్దరు వస్తామన్నారు. మూడోవాళ్ళు కావాలి.