అధికణాల వేటలో ‘ఫ్లేవర్’ చిక్కు

జెనీవా సమీపంలో 27 కిలోమీటర్ల చుట్టుకొలతతో భూగర్భంలో నిర్మించిన లార్జ్ హాడ్రాన్ కొలైడర్ 2012లో హిగ్స్ బోసాన్‌ను పట్టి ఇచ్చింది. శాస్త్రవేత్తలు అంతే ఆశతో ఎదురుచూసిన సూపర్‌సిమెట్రీ కణాలు మాత్రం ఇంతవరకు కనిపించలేదు. సిద్ధాంతమే తప్పా, లేక వెతికే తీరులో లోపముందా? ఈ చర్చలో ‘ఫ్లేవర్ మిశ్రమం’ ప్రస్తావన తరచూ వస్తుంది.

సూపర్‌సిమెట్రీ ప్రకారం మనకు తెలిసిన ప్రతి కణానికీ ఒక జంట కణం ఉండాలి. ఎలక్ట్రాన్‌కు సెలెక్ట్రాన్, మ్యూయాన్‌కు స్మ్యూయాన్, టాప్ క్వార్క్‌కు స్టాప్. ఇక ఫ్లేవర్ అంటే కణాల రకం. 1971లో ముర్రే గెల్‌మన్, హెరాల్డ్ ఫ్రిట్ష్ ఒక ఐస్‌క్రీం దుకాణంలో ఈ పేరు ఎంచుకున్నారు. రుచితో దీనికి అంతకుమించి సంబంధం లేదు.

ఎలక్ట్రాన్, మ్యూయాన్ వేర్వేరు ఫ్లేవర్లు. వాటి జంట కణాలూ అలాగే విడివిడిగా ఉండాలన్న నియమం సిద్ధాంతంలో లేదు. ఒకే జంట కణం కొంత సెలెక్ట్రాన్‌గా, కొంత స్మ్యూయాన్‌గా ఉండవచ్చు. ఒక బస్తాలో రెండు రకాల ధాన్యం కలవటం వంటిది కాదిది. ప్రతి గింజలోనూ రెండు రకాలూ ఉండటం. న్యూట్రినోలలో ఫ్లేవర్ మిశ్రమం నిజంగానే ఉంది. దాన్ని వెల్లడించిన తకాకి కజితా, ఆర్థర్ మెక్‌డొనాల్డ్‌లకు 2015లో నోబెల్ లభించింది.

మిశ్రమం లేకుంటే, కొలైడర్‌లో పుట్టిన జంట కణాలు విచ్ఛిన్నమై రెండు ఎలక్ట్రాన్లనో, రెండు మ్యూయాన్లనో ఇస్తాయి. కంటికందని తేలిక కణాలు మిగతా శక్తిని మోసుకుపోతాయి. మిశ్రమం ఉంటే ఒకవైపు ఎలక్ట్రాన్, మరోవైపు మ్యూయాన్ రావచ్చు. అసలు ఇబ్బంది ఇక్కడే ఉంది. డబ్ల్యూ బోసాన్ల జత కూడా అచ్చం ఇటువంటి ఆనవాలునే వదులుతుంది. అందువల్ల పలు అన్వేషణలలో ఎలక్ట్రాన్-మ్యూయాన్ సంఘటనలను మామూలు కణాల సందడిని లెక్కగట్టే కొలబద్దగా వాడతారు. వెతుకుతున్న వస్తువు ఆ కొలబద్దలోనే దాగి ఉంటే?

స్టాప్ విషయమూ ఇంతే. అది చార్మ్ క్వార్క్ జంటతో కలిస్తే కొన్నిసార్లు టాప్‌కు బదులు చార్మ్ వెలువడుతుంది. రెండు టాప్‌ల కోసమే చూసేవారికి ఆనవాలు పలచబడుతుంది. అట్లాస్ బృందం ఒక టాప్, ఒక చార్మ్ కలిసి వచ్చే సంఘటనలను ప్రత్యేకంగా గాలించింది.

అయితే మిశ్రమానికి హద్దులున్నాయి. సెలెక్ట్రాన్, స్మ్యూయాన్ గట్టిగా కలిస్తే మ్యూయాన్ అప్పుడప్పుడు ఎలక్ట్రాన్‌గా మారి కాంతి కణాన్ని వదలాలి. స్విట్జర్లాండ్‌లోని మెగ్ ప్రయోగం దీనికోసం గాలించి, 10 లక్షల కోట్ల విచ్ఛిన్నాలలో అటువంటివి నాలుగైదుకు మించవని 2016లో తేల్చింది. ఆ తర్వాత మెగ్-2 ఈ హద్దును మరింత కుదించింది. టౌ కణం విషయంలో, స్టాప్-చార్మ్ వైపున కట్టడి ఇంత బిగువుగా లేదు. అందుకే పరిశోధకుల దృష్టి అటు మళ్లుతోంది.